గుద్దిన బండి దొరికింది... బీమా దొరకలేదు

*ఎదుటి బండికి ఇన్సూరెన్స్ లేదని తేలిన క్షణం నుంచి గాయపడ్డ మనిషి కష్టం రెండింతలవుతుంది. ఆ కష్టం ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ ఆపొచ్చు, చట్టం ఎక్కడ చేతులెత్తేస్తోంది?*

రాత్రి తొమ్మిదిన్నర. బెజవాడ బీసెంట్ రోడ్డులో షట్టర్లు ఒక్కొక్కటే దిగుతున్నాయి. తోపుడు బండ్ల వాళ్లు టార్పాలిన్లు కప్పి తాళ్లు బిగిస్తున్నారు. పొద్దుటి నుంచి నిలబడి చీరలు విప్పి, మళ్లీ మడతపెట్టిన బట్టల కొట్టు అమ్మాయి టిఫిన్ క్యారియర్‌ని స్కూటీ కొక్కేనికి తగిలించుకుని ఏలూరు రోడ్డెక్కింది. లెనిన్ సెంటర్ దగ్గర వెనక నుంచి ఓ తెల్ల కారు వచ్చి గుద్దింది. స్కూటీ ఒకవైపు, మనిషి ఒకవైపు. క్యారియర్ గిన్నె దొర్లుకుంటూ పోయి పాత పుస్తకాల షాపు మెట్టుకి తగిలి ఆగింది. కుడికాలు మోకాలి కింద వంకర తిరిగిపోయింది.

జనం పోగయ్యారు. కారతను పారిపోలేదు. దిగి, చేతులు జోడించి, "తప్పు నాదేనండీ, ఆసుపత్రి ఖర్చు మొత్తం నేనే పెట్టుకుంటాను, కేసొద్దు" అన్నాడు. గుంపులో ఓ పెద్దాయన సర్దిచెప్పాడు: "కేసు గీసు అంటే కోర్టు చుట్టూ తిరగాలి తల్లీ. మనిషి మంచోడిలాగే ఉన్నాడు." సూర్యారావుపేటలో ఏదో నర్సింగ్ హోముకి తీసుకెళ్లారు. ఎలా తగిలిందని డ్యూటీ డాక్టరు అడిగితే, వెంట వచ్చిన తమ్ముడు "బండి మీంచి జారిపడిందండీ" అన్నాడు. రిజిస్టర్లో అదే రాసుకున్నారు. కాల్లో రాడ్డు వేయాలన్నారు. కారతను ఇరవై వేలు తెచ్చిచ్చాడు. నాలుగోనాటికి అతని ఫోను స్విచ్చాఫ్.

అప్పుడు ఎవరో ఫోన్లో కారు నెంబరు కొట్టి చూశారు. ఇన్సూరెన్స్ అయిపోయి రెండేళ్లయింది. సీ-బుక్కు ఇంకెవరి పేరు మీదో ఉంది. ఆయన్ని పట్టుకుంటే, "నేను ఆ కారు అమ్మేసి మూడేళ్లయింది బాబూ, నాకేం సంబంధం?" అన్నాడు.

ఇది ఏ ఒక్కరికో జరిగింది కాదు, చాలామందికి జరిగేదాన్ని ఒక్కచోట చేర్చి చెప్పిన కథ. మోటారు ప్రమాదాల కేసులు చూసే వకీలు ఎవరి దగ్గర కూర్చున్నా వినిపించే వరస ఇదే. పేర్లు మారతాయి, వీధి మారుతుంది. కాలు విరిగింది ఒకరికి, అప్పులపాలైంది ఆ ఇల్లు మొత్తం.

సగానికి పైగా బండ్లు ఇంతే

దేశంలో రోడ్ల మీదున్న బండ్లలో దాదాపు 56 శాతానికి బీమా లేదని ఆర్థిక వ్యవహారాల పార్లమెంటరీ స్థాయీ సంఘం 2024 ఫిబ్రవరి నివేదికలో చెప్పింది. అంటే ఏలూరు రోడ్డు మీద మన పక్క నుంచి దూసుకుపోయే రెండు బండ్లలో ఒకటి మనల్ని గుద్దితే, వెనక నిలబడి డబ్బు కట్టే కంపెనీ ఏదీ ఉండదన్నమాట.

బీమా లేని వాళ్లందరూ చట్టమంటే లెక్కలేనివాళ్లు కారు. కొత్త బండి కొన్నప్పుడు షోరూమ్ వాళ్లే పాలసీ కట్టించి ఇస్తారు. సుప్రీంకోర్టు ఆదేశంతో 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త కార్లకు మూడేళ్లు, టూవీలర్లకు ఐదేళ్లు థర్డ్ పార్టీ బీమా ఒకేసారి తీసుకోవడం తప్పనిసరయింది. మంచి పనే. కానీ ఐదేళ్లు నిండాక గుర్తుచేసేవాళ్లు ఉండరు. ఈలోగా వాయిదాలు తీరిపోతాయి, బండి చేతులు మారుతుంది, షోరూమ్‌లో ఇచ్చిన ఫోన్ నెంబరు మారుతుంది. లారీకి, బస్సుకి ఫిట్‌నెస్ కోసమైనా బీమా కాగితం చూపించాలి. సొంత స్కూటీకి, పాత కారుకి ఆ పనే ఉండదు.

పెరిగిన చలానాల కబురు 2025 మార్చిలో రాష్ట్రమంతా మారుమోగింది. ఆ వారమంతా టీ కొట్ల దగ్గర హెల్మెట్‌కి వెయ్యి అన్న మాటే. బీమా గురించి అంత చర్చ జరగలేదు. హెల్మెట్ లేకపోతే పగిలేది నడిపేవాడి తల. బీమా లేకపోతే మునిగిపోయేది దారిన పోయే ఇంకొకరి ఇల్లు. ఈ రెండోది అంతకన్నా పెద్ద తప్పని నా అభిప్రాయం.

> ప్రీమియం ఎంత, జరిమానా ఎంత?
> 2022 జూన్ 1 నుంచి అమలైన ధరల ప్రకారం 75 నుంచి 150 సీసీ లోపు టూవీలర్‌కి ఏడాది థర్డ్ పార్టీ ప్రీమియం 714 రూపాయలు. వెయ్యి సీసీ లోపు కారుకి 2,094, పదిహేను వందల లోపు కారుకి 3,416. వీటికి పన్ను అదనం.
> బీమా లేకుండా దొరికితే మొదటిసారి 2,000 జరిమానా లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. మళ్లీ దొరికితే జరిమానా 4,000.

రోడ్డు మీద రాజీ

ప్రమాదం జరిగిన మొదటి గంటలో పదిమందీ చెప్పే మాట "కాంప్రమైజ్ అయిపోండి" అని. చిన్న గీతో, పగిలిన ఇండికేటరో అయితే అదే మంచిది. ఎముక విరిగిన చోట మాత్రం ఆ సలహా ప్రమాదం కన్నా ఎక్కువ నష్టం చేస్తుంది. విరిగిన కాలు ఖర్చు ఆపరేషన్‌తో అయిపోదు. ఏడాది తర్వాత రాడ్డు తీయించాలి. నెలల తరబడి పని ఉండదు. రోజంతా నిలబడి చేసే ఉద్యోగం మళ్లీ చేయగలదో లేదో ఆ రాత్రి ఏ డాక్టరూ చెప్పలేడు. రోడ్డు మీద ఇరవై వేలకి ఒప్పుకున్నవాళ్లు ఇవన్నీ తెలియకుండానే వదులుకుంటున్నారు.

అన్నిటికన్నా చేటు చేసేది ఆసుపత్రిలో చెప్పే ఆ చిన్న అబద్ధం. "జారిపడింది" అని రాయిస్తే ఎమ్మెల్సీ (మెడికో లీగల్ కేసు) ఉండదు, పోలీసులకు సమాచారం పోదు, తర్వాత వూండ్ సర్టిఫికెట్ రాదు. రెండు నెలలు పోయాక ఫలానా కారు గుద్దిందని కేసు వేస్తే, ఎదుటి వకీలు తీసే మొదటి కాగితం ఆ క్యాజువాలిటీ రిజిస్టర్ నకలే. గాయపడ్డ మనిషిని తీసుకెళ్లినవాళ్లు ఎంత తొందరలో ఉన్నా, ఏ బండి గుద్దిందో నెంబరుతో సహా చెప్పి రాయించాలి. తీసుకెళ్లిన పాపానికి పోలీసులు మనల్ని ఇరికిస్తారేమోనన్న భయం అక్కర్లేదు. సాయం చేసినవాళ్లను సాక్ష్యం చెప్పమని బలవంతం చేయకూడదని 2019 సవరణ తర్వాత వచ్చిన నిబంధనల్లోనే ఉంది.

ఇప్పటికే ఆలస్యమైపోయిందా? అయినా స్టేషన్‌కి వెళ్లాల్సిందే. ఎఫ్ఐఆర్ ఆలస్యమైందన్న ఒక్క కారణంతో పరిహారం కేసు కొట్టేయకూడదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. గాయపడ్డవాళ్లు ముందు ప్రాణం చూసుకుంటారు గానీ స్టేషన్‌కి పరుగెత్తరని కోర్టుకు తెలుసు.

> ముందు వైద్యం
> కోయంబత్తూరు ఎముకల వైద్యుడు ఎస్. రాజశేఖరన్ 2012లో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం రోడ్డు భద్రత మీద ఎన్నో ఆదేశాలకు దారితీసింది. గాయపడ్డవాళ్లకు నగదు రహిత వైద్య పథకం తేవాలని 2025 జనవరిలో సుప్రీంకోర్టు గడువు పెట్టింది. కేంద్రం మే 5న నోటిఫై చేసింది. ఒక్కో మనిషికి 1.5 లక్షల రూపాయల వరకు, ఏడు రోజుల వరకు గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో వైద్యం. గుద్దిన బండికి బీమా ఉందా లేదా అన్నదానితో పనిలేదు. ప్రమాదం జరిగాక ఆలస్యం చేయకుండా చేర్చాలి. చేర్పించేటప్పుడే ఈ పథకం కింద చేర్చుకోమని అడగాలి.

బండిని వదలనివ్వొద్దు

బీమా ఉన్న బండి గుద్దితే బాధితుడి చేతిలో ఉండే ఆయుధం పాలసీ కాగితం. బీమా లేనప్పుడు ఆయుధం ఆ బండే. ఇది చాలామందికి తెలియదు.

ప్రమాదం తర్వాత బండి స్టేషన్ ఆవరణలోకి వస్తుంది. జనం బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అని పిలిచే ఎంవీఐ వచ్చి చూసి రిపోర్టు ఇస్తాడు. ఆ తర్వాత ఓనరు మేజిస్ట్రేటు కోర్టులో దరఖాస్తు పెట్టి విడిపించుకుంటాడు. బండి గేటు దాటిందంటే ఓనరు మళ్లీ ఫోనెత్తడు. 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఈ కిటుకును పట్టుకుంది. మరణానికో గాయానికో కారణమైన బండికి బీమా లేకపోతే, పరిహారానికి తగ్గ పూచీ ఇవ్వనిదే వదలకూడదని, మూడు నెలలు గడిచినా పూచీ రాకపోతే వేలం వేసి ఆ డబ్బు ట్రైబ్యునల్‌లో జమచేయాలని, దీనికి రాష్ట్రాలన్నీ నిబంధనలు చేసుకోవాలని చెప్పింది. 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర నిబంధనల్లోనూ బీమా లేని బండి విడుదల మీద కట్టడి ఉంది.

నిబంధన దానంతట అది పనిచేయదు. విడుదల దరఖాస్తు విచారణకొచ్చిన రోజు "దీనికి పాలసీ లేదు, నా క్లయింటుకి ఇంత ఖర్చయింది, పూచీ లేకుండా ఇవ్వొద్దు" అని లేచి చెప్పే మనిషి కోర్టు హాల్లో ఉండాలి. ఆ దరఖాస్తు ప్రమాదం జరిగిన కొద్దిరోజుల్లోనే వస్తుంది. అప్పటికి ఇక్కడ కాలు ట్రాక్షన్‌లో వేలాడుతూ ఉంటుంది, ఇంట్లోవాళ్లు రక్తం కోసం, డబ్బు కోసం తిరుగుతుంటారు. ఆ వారంలోనే వకీలుని పెట్టుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా చెప్పక తప్పదు: బీమా లేని కేసులో వకీలుతో పని మొదటి వారంలోనే ఉంది. ఫీజు ఇచ్చుకోలేని ఆడవాళ్లు, ఎస్సీ ఎస్టీలు, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లు న్యాయ సేవాధికార సంస్థను అడిగితే ఉచితంగా వకీలుని ఇస్తారు.

ఎవరి మీద వేయాలి?

పరిహారం కేసును ఇక్కడి కోర్టుల్లో ఎంవీఓపీ (మోటారు వాహనాల ఒరిజినల్ పిటిషన్) అంటారు. ప్రమాదం ఎక్కడ జరిగినా బాధితులు తాము ఉండే ఊరి ట్రైబ్యునల్‌లో వేసుకోవచ్చు. హైవే మీద సూర్యాపేట దగ్గర గుద్దినా బెజవాడలో ఉండేవాళ్లు బెజవాడలోనే వేయొచ్చు.

చట్టం ప్రకారం గడువు ఆరు నెలలు. ఈ గడువు మీద సుప్రీంకోర్టులో సవాళ్లు నడుస్తున్నాయి. ఆలస్యమైందన్న కారణంతో పిటిషన్లు కొట్టేయొద్దని 2025 నవంబరులో మధ్యంతరంగా చెప్పింది. దాని మీద భరోసా పెట్టుకుని కూర్చోకుండా ఆరు నెలల్లో వేయడమే క్షేమం.

నడిపినవాడి మీద, ఓనరు మీద ఇద్దరి మీదా వేయాలి. ఓనరు అంటే సీ-బుక్కులో పేరున్న మనిషి. మన కథలో "అమ్మేసి మూడేళ్లయింది" అన్న పెద్దమనిషి ఇక్కడ చిక్కుకుంటాడు.

> అమ్మేసిన బండి, మారని పేరు
> బండి చేతులు మారి, రిజిస్ట్రేషన్‌లో పేరు మారకపోతే, పరిహారం కట్టాల్సిన ఓనరు సీ-బుక్కులో ఉన్నవాడేనని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో తేల్చింది. బాధితుడు ఆ బండి ఎన్ని చేతులు మారిందో వెతుక్కుంటూ తిరగనక్కర్లేదు. సంతకం పెట్టిన ఖాళీ ఫారాలు ఇచ్చి బండి అమ్మేసినవాళ్లు ఇవాళే వాహన్ పోర్టల్‌లో చూసుకోవాలి, ఇంకా పేరు ఎవరిదుందో.

ఆదాయం రుజువు చేసుకోవడం ఇంకో తలనొప్పి. బీసెంట్ రోడ్డు కొట్లలో జీతం చేతికిస్తారు, స్లిప్పు ఇవ్వరు. ఓనరు గారిని సాక్ష్యానికి రమ్మంటే లెక్కలు బయటపడతాయని జంకుతాడు. చివరికి కోర్టే ఓ అంచనా వేసుకుంటుంది. ఆ అంచనా చాలాసార్లు అసలు సంపాదన కన్నా తక్కువే. జీతం ఫోన్‌పేలో వేయించుకున్నవాళ్లు ఈ విషయంలో అదృష్టవంతులు.

కంకిపాడు దాటితే

పల్లెల్లోకి వెళ్తే ఇంకో రకం చిక్కు. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు రోడ్ల మీద కోతల కాలంలో రాత్రిపూట వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రక్కులు వరుసగా కదులుతుంటాయి. ఇంజన్‌కి పాలసీ ఉంటుంది. ట్రక్కు వేరే వాహనంగా రిజిస్టర్ కావాలి, దానికి వేరే ప్రీమియం కట్టాలి. ఆ సంగతి పట్టించుకునేవాళ్లు తక్కువ. నాట్లకో కోతలకో కూలీలను అందులో ఎక్కించుకుపోతారు. బోల్తా పడితే, పాలసీ వ్యవసాయ పనికే గానీ మనుషుల్ని తీసుకెళ్లడానికి కాదంటూ కంపెనీ కోర్టుకెక్కుతుంది. కాగితం మీద బీమా ఉన్నా కూలీ మనిషికి లేనట్టే.

ఓనరు కూడా పరాయివాడు కాదు. అదే ఊరి రైతు. వచ్చే సార్వాకి మళ్లీ అతని పొలంలోకే వెళ్లాలి. "ఆయన మీద కేసేంటి?" అని పెద్దమనుషులు కూర్చోబెట్టి బస్తా బియ్యం, పదివేలతో ముగిస్తారు. ఈ రాజీల్లో కాలో చెయ్యో పోగొట్టుకున్న ఆడకూలీల లెక్క ఏ రిజిస్టర్‌లోనూ లేదు.

తీర్పు వచ్చాక

అన్నీ సవ్యంగా జరిగి, సాక్ష్యాలు నిలబడి, ఎనిమిది లక్షలకు తీర్పు వచ్చిందనుకుందాం. బీమా ఉన్న కేసులో కంపెనీ చెక్కు జమ చేస్తుంది, లేదా అప్పీలుకి పోతుంది. బీమా లేని కేసులో తీర్పు కాపీ బాధితుడి బీరువాలో చేరుతుంది. దాన్ని డబ్బు చేసుకోవడానికి మళ్లీ ఈపీ, అంటే తీర్పు అమలు పిటిషన్, వేయాలి. లేదా ట్రైబ్యునల్ నుంచి కలెక్టర్‌కి సర్టిఫికెట్ పంపించి, భూమిశిస్తు బకాయి వసూలు చేసినట్టు ఓనరు ఆస్తి నుంచి రాబట్టమని అడగాలి. ఆ దారి చట్టంలో స్పష్టంగా ఉంది. కలెక్టరేట్ నుంచి తహసీల్దారు ఆఫీసుకి, అక్కడి నుంచి ఓనరు ఊరికి ఫైలు నడవాలి. ఈలోగా ఇల్లు భార్య పేరు మీదికి, పొలం బావమరిది పేరు మీదికి పోతాయి. కొందరు ఐపీ పెట్టి దివాలా తీశామంటారు. అప్పులు ఎగ్గొట్టడానికి చేసిన బదిలీ అని నిరూపించగలిగితే కోర్టు రద్దు చేస్తుంది, కానీ అది మళ్లీ ఇంకో దావా. అందుకే మొదటి వారంలో బండి మీద పట్టు వదలొద్దనడం. పాత కారు వేలంలో వచ్చేది మొత్తం పరిహారంలో కొంతే కావచ్చు. అయినా అది చేతికొచ్చే డబ్బు.

ఇక మన సొంత పాలసీల్లోనే మనం మర్చిపోయేవి కొన్ని ఉన్నాయి. బండి ఓనరే నడుపుతూ చనిపోతేనో శాశ్వత వైకల్యం వస్తేనో అతని పాలసీలోని వ్యక్తిగత ప్రమాద బీమా కింద 15 లక్షల వరకు వస్తుంది. ఎదుటివాడికి బీమా ఉందా లేదా అన్నదానితో సంబంధం లేదు, లైసెన్సు మాత్రం ఉండాలి. జనం ఫుల్ ఇన్సూరెన్స్ అనుకునే పాలసీ ఉంటే బండి రిపేరు మన కంపెనీయే భరిస్తుంది, నో క్లెయిమ్ బోనస్ మాత్రం పోతుంది. బ్యాంకు ఖాతాలోంచి ఏడాదికి 20 రూపాయలు కోసుకునే ప్రధానమంత్రి సురక్షా బీమా కింద ప్రమాద మరణానికి, పూర్తి వైకల్యానికి 2 లక్షలు, పాక్షిక శాశ్వత వైకల్యానికి లక్ష. కోసుకున్నారన్న సంగతే ఇంట్లోవాళ్లకు తెలియక క్లెయిము చేయని కుటుంబాలున్నాయి. పాసుపుస్తకం ఓసారి తిరగేయండి.

పారిపోతే రెండు లక్షలు, దొరికితే?

నన్ను ఎక్కువగా బాధపెట్టేది చట్టంలోని ఈ వంకర. గుద్దిన బండి ఏదో తెలియకపోతే, హిట్ అండ్ రన్ పథకం కింద చనిపోయినవాళ్ల కుటుంబానికి 2 లక్షలు, తీవ్రంగా గాయపడ్డవాళ్లకు 50 వేలు ప్రభుత్వ నిధి నుంచి వస్తాయి. 2022 ఏప్రిల్‌కి ముందు ఇవి 25 వేలు, 12,500 మాత్రమే. అదే బండి దొరికి, దానికి బీమా లేకపోతే ఆ నిధి నుంచి వైద్యం తప్ప పరిహారం పైసా రాదు. బండి నెంబరు గుర్తుపెట్టుకుని పోలీసులకు చెప్పిన బాధితుడు ఓనరు వెనక ఏళ్ల తరబడి తిరగాలి.

మన దేశంలో థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి అన్న నిబంధన 1946 జులై 1న అమల్లోకి వచ్చింది. బ్రిటన్‌లో అదే 1946లో బీమా కంపెనీలన్నీ కలిసి మోటార్ ఇన్సూరర్స్ బ్యూరో అనే ఉమ్మడి సంస్థను పెట్టుకున్నాయి. బీమా లేని బండి గుద్దితే అక్కడ ఆ సంస్థ బాధితుడికి పరిహారమిచ్చి, తర్వాత ఓనరు నుంచి తానే రాబట్టుకుంటుంది. అమెరికాలో ఉన్న మన పిల్లలు కారు కొన్నప్పుడు పాలసీలో "అన్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్" అని ఓ పద్దు ఉంటుంది, చాలా రాష్ట్రాల్లో అది తప్పనిసరి కూడా. ఎదుటివాడికి బీమా లేకపోతే మన కంపెనీయే మనకు ఇస్తుంది. మనం తప్పనిసరి అన్న మాట మాత్రం తెచ్చుకుని, కట్టనివాడు గుద్దితే ఎలాగన్న ప్రశ్నని ఎనభై ఏళ్లుగా బాధితుడి నెత్తినే వదిలేశాం.

దీనికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. 2019 సవరణతో వచ్చిన 164-బి సెక్షన్ మోటారు వాహన ప్రమాద నిధిని ఏర్పాటు చేసింది. ఆ నిధిని వైద్యానికి, హిట్ అండ్ రన్ బాధితులకు వాడాలని చెప్పి, కేంద్రం నిర్దేశించే ఇతరులకు కూడా పరిహారం ఇవ్వొచ్చని ఓ క్లాజు చేర్చారు. బీమా లేని బండి బాధితులు ఆ "ఇతరుల్లో" ఉన్నారని కేంద్రం ఒక్క నోటిఫికేషన్ ఇస్తే చాలు. నిధి ముందు డబ్బిస్తుంది, ఓనరు ఆస్తి వెంట పడే పని ప్రభుత్వానిదవుతుంది. కలెక్టరు, తహసీల్దారు, రెవెన్యూ రికవరీ చట్టం అన్నీ ప్రభుత్వం చేతిలో ఉన్నవే. విరిగిన కాలితో ఆ మనిషి చేయలేని పని అది. మన ఎంపీలు పార్లమెంటులో అడగాల్సింది, బార్ అసోసియేషన్లు తీర్మానం చేసి పంపాల్సింది ఆ నోటిఫికేషన్ కోసమే.